కొనేముందు ఒక పూట కుంపటి ముందు

ఢిల్లీ చూడటానికి వచ్చే తెలుగు కుటుంబాలు తిరిగే దారి దాదాపు ఒక్కటే. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం, ఇండియా గేట్, కుతుబ్ మీనార్, ఎర్రకోట, వీలు చిక్కితే మర్నాడు ఆగ్రా. ఎర్రకోట నుంచి చాందినీ చౌక్‌లోకి నడిస్తే, శీష్‌గంజ్ గురుద్వారా ఇంకా రాకముందే ఎడమ చేతి వైపు ఒక వీధి చీలుతుంది. అదే దరీబా కలాన్. మొగదలలో జిలేబీల అంగడి, లోపల 1816 నుంచి నడుస్తున్న అత్తరు దుకాణం, అక్కడి నుంచి జామా మసీదు వైపు బారులు తీరిన వెండి కొట్లు. 1739లో నాదిర్ షా సైన్యం సాగించిన ఊచకోతలో ఈ ప్రాంతం నెత్తురోడింది. తర్వాత తేరుకుంది, మళ్లీ వెండి తూచింది.

పట్టీలు, మెట్టెలు, కుంకుమ భరిణ, పూజ సామాను కొనడానికి ఉత్తరాదిలో ఇంత వైవిధ్యం ఉన్న బజార్లు తక్కువ. కానీ ఇక్కడ యాత్రికుడికి కనబడేది గల్లాపెట్టె, తక్కెడ, మఖమల్ గుడ్డ పరిచిన పళ్లెం. నగ ఎక్కడ తయారైందో, ఎవరి చేతిలో వంపు తిరిగిందో కనబడదు. పని పై అంతస్తుల్లోనో, వెనక సందుల్లోనో, ఊరికి మరో కొసన ఉన్న కరోల్‌బాగ్ ఇరుకు గదుల్లోనో జరిగిపోతుంది. అమ్మకం వీధిలోకి వచ్చింది, పనితనం గోడ వెనకే ఉండిపోయింది.

ఆ గోడకు ఒక తలుపు పెట్టాలి. ఢిల్లీ వచ్చిన యాత్రికుడు ఒక పూట వెండి పని నేర్పే తరగతిలో కూర్చుని, తన చేత్తో ఒక చిన్న నగ చేసుకుని వెళ్లే వీలు ఈ నగరంలో ఎర్రకోట టికెట్టు దొరికినంత సులువుగా దొరకాలి. ఆ తరగతి నడపాల్సింది ఆ పని చేసి బతికేవాళ్లు, దాని రుసుము వెళ్లాల్సింది వాళ్ల చేతికి.

ప్రపంచానికి ఇది కొత్త సంగతి కాదు. ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో చెలుక్ అనే వెండి పనివాళ్ల ఊరు ఉంది. ఆ ఊళ్లోనూ, దగ్గర్లోని ఉబుద్‌లోనూ పర్యాటకులు రెండు మూడు గంటలు కూర్చుని ఉంగరం చేసుకుని వెళ్లడం ఇప్పుడు మామూలు వ్యవహారం. ఢిల్లీ పరిసరాల్లో, గురుగ్రామ్‌లో, దక్షిణ ఢిల్లీలో కొన్ని స్టూడియోలు వారాంతాల్లో ఇలాంటి తరగతులు పెడుతున్నాయి. శుభ్రమైన గదులు, మంచి పరికరాలు, ఓపికగా చెప్పే డిజైనర్లు. వాటిని తప్పుపట్టాల్సిన పనిలేదు. అయితే తరతరాలుగా వెండిని కరిగిస్తున్న బజారు ఒకచోట, నేర్చుకోవాలనుకునే పర్యాటకుడు ఇంకోచోట ఉండిపోవడమే విచారించాల్సిన విషయం.

ఒక్క పూటలో ఏం నేర్చుకోగలరన్న సందేహం సహజం. ఒక సాదా ఉంగరం సంగతే చూద్దాం. నగలకు వాడే వెండిలో వెయ్యి పాళ్లకు 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన కాబట్టి రాగి కలుపుతారు. వేలి కొలత తీసుకున్నాక తీగను ఎంత పొడవు కోయాలన్నది చిన్న లెక్క. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, తీగ మందం ఒకటిన్నర అనుకుంటే, రెండూ కలిపి 3.14తో హెచ్చిస్తే 58 మిల్లీమీటర్లు. కాగితం మీద అర నిమిషం పని. ఆ 58 మిల్లీమీటర్ల ముక్కను వెంట్రుకంత సన్నని రంపపు బ్లేడుతో వంకర పోకుండా కోయడం మాత్రం కొత్త చేతికి గట్టి పరీక్షే. బ్లేడు పుటుక్కున విరుగుతుంది, ఇంకోటి బిగించాలి, అదీ విరుగుతుంది.

తర్వాత నిప్పు. సుత్తి దెబ్బలు తిన్నకొద్దీ వెండి గట్టిపడుతుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. కాచి చల్లారిస్తే మళ్లీ మెత్తబడి మాట వింటుంది. ఎంత కాచాలో చెప్పే మీటరేమీ ఉండదు, వెండి మీద లేత ఎరుపు తొంగిచూడగానే మంట తీసేయాలి. పట్టపగటి వెలుగులో ఆ ఎరుపు ఆనదు. అందుకే వెండి కాచే మూల కాస్త చీకటిగా ఉండటమే మేలు. బయటి నుంచి చూసేవారికి అది వెలుతురు లేని గదిలా కనిపిస్తుంది.

అసలు గండం మాటు దగ్గర ఉంటుంది. వంచిన తీగ రెండు కొసలూ వాటి మధ్య నుంచి వెలుగు కూడా దూరనంతగా కలవాలి. వెలిగారం పూసి, చిటికెడంత మాటు ముక్క పెట్టి, మంట చూపాలి. ఆ మాటు 700 డిగ్రీల పైచిలుకు దగ్గర కరిగి, వేడి ఎక్కువ ఉన్న వైపుకు పరుగెత్తుతుంది. 925 వెండి 800 డిగ్రీల ప్రాంతంలో తానే కరగడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న జాగాలోనే పనివాడి అన్నం ఉంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఉంగరం ముద్దవుతుంది. ఈ జాగా ఎంత ఇరుకో పుస్తకంలో చదివితే తెలియదు, మంట పట్టుకున్న చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత పలచటి ఆమ్లంలోనో పటిక నీళ్లలోనో వేసి నలుపు వదిలించడం, ఆకురాయితో సాపు చేయడం, మెరుగు పెట్టడం. ఆకురాయి కింద రాలిన వెండి పొడిని కూడా వదలరు, జాగ్రత్తగా పోగుచేస్తారు. కంసాలి వాకిలి మట్టిని జలగడిగి వెండి బంగారాలు తీసే బతుకులు తెలుగునాట ఉన్నట్టే, పాత ఢిల్లీలో నియారియాలు నగల బజారు కాలువల మట్టిని కడిగి బతికారు.

తెలుగు యాత్రికులకు ఉంగరం కంటే మంచి తొలి పాఠం మరొకటుంది, మెట్టెలు. బంగారం కాళ్లకు తొడగని ఆచారం వల్ల పెళ్లినాడు తొడిగే మెట్టెలు వెండివే. మెట్టెకు కొసలు కలవవు, వేలికి తగ్గట్టు సర్దుకునేలా తెరిచే ఉంటాయి. అంటే మాటు వేయాల్సిన అవసరమే లేదు. బద్దీ కోయడం, కాచడం, సుత్తితో గీతలో చుక్కలో దించడం, కొసలు గుచ్చుకోకుండా అరగదీయడం, కడ్డీ మీద వంచడం, మెరుగు. మూడు గంటల్లో పద్నాలుగేళ్ల పిల్ల కూడా పెద్దల కనుసన్నల్లో చేయగల పని. కూతురి పెళ్లి ముందర ఢిల్లీ వచ్చిన తల్లి, దరీబాలో మెట్టెలు కొనే బదులు అక్కడే కూర్చుని తన చేత్తో కొట్టి తీసుకెళ్లిందనుకోండి. ఆ జత విలువను ఏ తక్కెడ తేలుస్తుంది?

ఇంతకంటే పెద్ద ప్రయోజనం బేరం దగ్గర తేలుతుంది. వెండి కొట్లో కొనుగోలుదారు గట్టిగా పట్టుకునేది బరువునే. గ్రాము ధర పొద్దున్నే పేపర్లో చూస్తాడు, దానికి ఎదురు చెప్పడు. 2025లో కిలో ధర లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి ఎగబాకినా నోరెత్తకుండా కట్టాడు. గొడవంతా మజూరీ దగ్గరే. తరుగెందుకు, మజూరీ తగ్గించు, పక్క కొట్లో ఇంతే అన్నారు. లోహానికి పూర్తి ధర ఇచ్చి చేతి దగ్గర కోత కోసే ఈ అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. దానికి కారణం పిసినారితనం కాదు. ఎన్నడూ చూడని పనికి వెల కట్టడం ఎవరికైనా కష్టం. రంపపు బ్లేడు విరగ్గొట్టుకుని, మెట్టె కొస నున్నగా రావడానికి అరగంట అరగదీసిన మనిషి తర్వాతి కొట్లో మజూరీ మీద అదే గొంతుతో బేరమాడలేడు. చేతిపనికి ప్రభుత్వాలు చేసే ప్రచారమంతా కలిపినా ఇంత గట్టి పాఠం చెప్పలేదు.

కరోల్‌బాగ్ సంగతి తెలుగువారికి మరీ దగ్గరిది. సివిల్స్ కోచింగ్ కోసం వచ్చిన మన పిల్లలు వేలమంది ఓల్డ్ రాజేంద్రనగర్, కరోల్‌బాగ్ గదుల్లో ఏళ్ల తరబడి ఉంటారు. ఆ పక్కనే బీడన్‌పురా, రేగర్‌పురా సందుల్లో బెంగాల్ నుంచి, ముఖ్యంగా మేదినీపూర్ ప్రాంతం నుంచి వలస వచ్చిన నగల పనివాళ్లు నేల మీద చిన్న బల్ల ముందు కూర్చుని పనిచేస్తుంటారు. అందరూ ఊరొదిలి వచ్చినవాళ్లే, అందరూ ఇరుకు గదుల్లో రోజంతా వంగి కూర్చునేవాళ్లే. అయినా ఒకరికొకరు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

అభ్యంతరాలు లేకపోలేదు. మూడు గంటల తరగతి ముప్పై ఏళ్ల విద్యను చులకన చేస్తుందని కొందరంటారు. మట్టిలా మెత్తగా ఉండే వెండి ముద్దతో పూవో ఆకో చేసి, కాల్చి ఇచ్చే తరగతుల విషయంలో ఆ మాటలో నిజం ఉంది. 1990ల్లో జపాన్‌లో రూపుదిద్దుకున్న పదార్థం అది. సన్నని వెండి పొడిని జిగురుతో, నీటితో కలుపుతారు, కాలిస్తే జిగురు మాడిపోయి వెండి మిగులుతుంది. పిల్లలకు సరదా, ఫొటోకు అందం. సుత్తి బరువు, మంట భయం మాత్రం అందులో లేవు. అది చేసి వచ్చినవారు వెండి పని తేలికేననుకుంటే నష్టం పనివాళ్లకే. కాబట్టి నిజమైన తరగతిలో కొంచెం కష్టం ఉండి తీరాలి, ఒకటో రెండో చెడిపోవాలి.

రెండో అభ్యంతరం భద్రత. ఇది కొట్టిపారేయాల్సింది కాదు. కిటికీలు లేని గదిలో, గ్యాసు మంట, ఆమ్లం పక్కపక్కన పెట్టుకుని పర్యాటకులను కూర్చోబెట్టలేం. బంగారు నగల మీద కేడీఎం ముద్ర ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నదే. ఆ మాటులోని కాడ్మియం పొగ పనివాళ్ల ఊపిరితిత్తులను తినేసింది. కాడ్మియం లేని మాటు, గాలి ఆడే గది, కళ్లద్దాలు, నూలు బట్టలు, ముడేసుకున్న జుట్టు తప్పనిసరి. యాత్రికుడి కోసం బాగుపడిన గదిలో మిగతా ఆరు రోజులూ గాలి పీల్చేది పనివాడే. తరగతులు పెట్టాలనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఇక మన కరీంనగర్ సంగతి. వెండిని కమ్మచ్చు కన్నాల్లోంచి లాగి, రెండు పోగులు పురిపెట్టి, అణచి, చట్రాల్లో అల్లి అత్తరుదానులు, పాన్‌దానులు, పన్నీరు బుడ్లు చేసే ఫిలిగ్రీ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 సెప్టెంబరు 9, 10 తేదీల్లో ఢిల్లీ భారత్ మండపంలో జరిగిన జీ20 సదస్సుకు కోటుకు పెట్టుకునే వెండి తీగ బ్యాడ్జీలు కరీంనగర్ నుంచే వెళ్లాయి. ఆ మండపం పక్కనే భైరోన్ మార్గ్‌లో చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన క్రాఫ్ట్స్ మ్యూజియం ఉంది. అక్కడ కళాకారులు వచ్చి కూర్చుని పనిచేసి చూపే ఏర్పాటు ఉంది. 1994లో మొదలైన ఐఎన్ఏ ఢిల్లీ హాట్‌లో కళాకారులకు వంతుల వారీగా అంగళ్లు ఇస్తారు. ఫరీదాబాద్ సూరజ్‌కుండ్‌లో 1987 నుంచి ఏటా మేళా జరుగుతోంది, 2016లో అక్కడ తెలంగాణే ముఖ్య రాష్ట్రం. వేదికలకు కొదవ లేదన్నమాట. వాటిమీద మన కళాకారుడు చేసేది మాత్రం బల్ల వెనక నిలబడి వచ్చిపోయేవారికి ధర చెప్పడం. అమ్ముడైతే తిండి, కాకపోతే ప్రయాణ ఖర్చులు మీద పడతాయి.

అదే కళాకారుడు రోజుకు రెండు పూటలు, పూటకు ఆరుగురికి నేర్పితే? ఫిలిగ్రీ మొత్తం ఒక పూటలో ఎవరికీ పట్టుబడదు, అలా నటించకూడదు కూడా. కానీ కమ్మచ్చులోంచి తీగ లాగడం, రెండు తీగలు పురిపెట్టడం, ఒక చిన్న ఆకు చట్రంలో చుట్ట పెట్టడం నేర్పవచ్చు. చివరి మాటు గురువే వేసి ఇస్తాడు. సరుకు అమ్ముడుపోని రోజున కూడా ఆయన చేతికి కూలి వస్తుంది. నేర్చుకున్న ఆరుగురిలో ఇద్దరు పక్కనున్న పన్నీరుబుడ్డి ధర మళ్లీ అడుగుతారు, ఈసారి తగ్గించమని కాదు.

2023 సెప్టెంబరు 17న ద్వారకలోని యశోభూమిలో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో స్వర్ణకారులనూ చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు ఇస్తోంది. మంచిదే. ఆ పథకం కళాకారుడిని విద్యార్థిగా చూస్తోంది. గురువుగా చూసే అడుగు కూడా వేయాలి. ఇరవై ఏళ్లు మంట ముందు కూర్చున్న మనిషికి బోధకుడిగా ధ్రువపత్రం ఇచ్చి, ఢిల్లీ హాట్‌లోనో క్రాఫ్ట్స్ మ్యూజియంలోనో బల్ల ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ముందడుగు తెలుగు రాష్ట్రాలే వేయవచ్చు. తెలంగాణకు గోల్కొండ, ఆంధ్రప్రదేశ్‌కు లేపాక్షి హస్తకళల సంస్థలున్నాయి, రెండు ప్రభుత్వాలకూ ఢిల్లీలో భవనాలున్నాయి. ఆంధ్రా భవన్ భోజనానికి వరసలో నిలబడే జనాన్ని చూసినవారెవరికైనా తరగతికి మనుషులు దొరకరన్న అనుమానం రాదు. ఆరు బల్లలు, పొగ లాగే ఫ్యాను, 925 వెండి బద్దీలు, వాటి స్వచ్ఛతకు కాగితం, రుసుములో కళాకారుడి వాటా ఎంతో రాసిన బోర్డు. హిందీ రాని కరీంనగర్ గురువుకూ తెలుగు రాని ఢిల్లీ శిష్యుడికీ మధ్య మాట కలపడానికి రాజేంద్రనగర్ పిల్లల్లో ఒకరికి ఆదివారం పూట పని. వచ్చే ఫిబ్రవరి సూరజ్‌కుండ్ మేళాకు అంగళ్ల కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే, అమ్మే అంగడి పక్కన నేర్పే బల్లకూ చోటు కావాలని ఈ రెండు సంస్థలూ రాసి అడగాలి.