తీర్పు మార్చమని కాదు, మార్కులు చూపమని అడగాలి

ఎథిక్స్ పేపర్లో పారదర్శకత గురించి రాయమంటే మనలో చాలామందిమి సమాచార హక్కు చట్టం, 2005తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఈసారి మనం పెద్దగా చూడని ఒక ఆట నుంచి ఉదాహరణ తీసుకుని చూడండి. ఆ ఆట ఫిగర్ స్కేటింగ్.

పరుగు పందెంలో గడియారం తీర్పు చెబుతుంది. ఫిగర్ స్కేటింగ్‌లో మనుషులు చెబుతారు. ప్రతి జంప్‌కీ నిర్ణీత విలువ ఉన్నా, దాన్ని ఎంత బాగా చేశారన్నది జడ్జీలే తేలుస్తారు. మన వ్యాసానికి, ఇంటర్వ్యూకి పడే మార్కుల లాంటివే ఇవీ.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ స్వర్ణం 5-4 తేడాతో రష్యాకు వెళ్లింది. తనపై ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జి చెప్పారు, తర్వాత మాట మార్చారు. చివరికి కెనడా జంటకూ స్వర్ణం ఇచ్చారు. పాత 6.0 మార్కుల పద్ధతిని తీసేశారు. అయితే ఆ సంస్కరణల్లోనే ఏ జడ్జి ఎన్ని మార్కులు వేశారో బయటికి తెలియకుండా చేశారు. పేరు తెలియకపోతే ఒత్తిడి ఉండదన్నది వాదన.

వినడానికి బాగుంది. కానీ ఆ తెర ఒత్తిడి చేసేవారికే కాదు, తప్పు పట్టగలిగేవారికీ అడ్డుపడింది. ఆర్థికవేత్త ఎరిక్ జిట్జెవిట్జ్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో, గోప్యత వచ్చాక సొంత దేశపు క్రీడాకారుల పట్ల జడ్జీల పక్షపాతం తగ్గకపోగా కాస్త పెరిగిందని తేలింది.

అదే ఏడాది సోచీ ఒలింపిక్స్‌లో రష్యాకు చెందిన అదెలీనా సోత్నికోవా 224.59 పాయింట్లతో, కొరియాకు చెందిన యూనా కిమ్‌ను (219.11) దాటి స్వర్ణం గెలిచింది. జడ్జీలలో ఒకరు రష్యా స్కేటింగ్ సమాఖ్య పెద్ద భార్య. ప్రయోజనాల సంఘర్షణకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. విచారణ కోరుతూ ఆన్‌లైన్ పిటిషన్‌పై పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కొరియా ఫిర్యాదును అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య తోసిపుచ్చింది, ఫలితం మారలేదు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. సంతకాల సంఖ్య తీర్పు తప్పని రుజువు చేయదు. సోత్నికోవా జంప్‌ల విలువ ఎక్కువన్న వాదనలో బలం ఉంది. అభిమానులకూ దేశాభిమానం ఉంటుంది. అందుకే 'మా అమ్మాయికి పతకం ఇవ్వండి' అన్న కోరిక బలహీనం. 'ఎవరు ఎంత వేశారో చూపండి, సంబంధం ఉన్నవారిని జడ్జీగా కూర్చోబెట్టకండి' అన్న కోరిక బలమైనది. మొదటిది ఒక దేశానిది, రెండోది ఆటలో ఉన్న అందరిదీ. 2016లో సమాఖ్య ఆ గోప్యతను రద్దు చేసింది. అభిమానుల వల్లే అని చెప్పలేం కానీ వారు అడిగినవాటిలో న్యాయమైనది అదే. 2018 ఒలింపిక్స్‌లో సొంత దేశంవారి వైపు మొగ్గారని ఇద్దరు చైనా జడ్జీలను సమాఖ్య సస్పెండ్ చేసింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు అభ్యర్థికి ఉందని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దిద్దినవారి పేరు మాత్రం ఇవ్వనక్కర్లేదంది. 2018లో యూపీఎస్సీ కేసులో, సివిల్స్ మార్కుల వివరాలను యాంత్రికంగా బయటపెట్టమనలేమనీ, పారదర్శకతతో పాటు గోప్యతనూ తూచాలనీ అంది.

నా అభిప్రాయం ఇది. దిద్దేవారికి మీ పేరు తెలియదు, మీకు వారి పేరు తెలియదు. రెండు వైపులా తెర ఉన్నచోట పేరు దాచడం న్యాయమే. స్కేటింగ్ జడ్జికి ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసు, అక్కడ ఒకవైపు తెర కుదరదు. కానీ పేరు దాచడం వేరు, మార్కు ఎందుకు తగ్గిందో దాచడం వేరు. ఒకటి రెండు మార్కులతో ఏడాది కోల్పోయినవారికి ఆ తేడా బాగా తెలుసు. రేపు కుర్చీలో కూర్చుని పింఛనుకో ఇంటి స్థలానికో అర్హులను తేల్చేది మీరే. జాబితాలో పేరు లేనివారు 'ఎందుకు?' అని అడిగితే చూపించగల కారణం మీ ఫైల్లో ఉండాలి.

సాధనకు ప్రశ్న: "గోప్యత నిష్పాక్షికతను కాపాడుతుందా, పక్షపాతాన్ని దాస్తుందా?" 150 పదాల్లో రాసి చూడండి.