రేచీకటి, క్యారెట్లు, మేనరికం

మా ముండ్లమూరు వైపు ఎవరికైనా రాత్రిపూట కనపడట్లేదంటే రెండే మాటలు వినపడతాయి: "ఖర్మ", లేదంటే "క్యారెట్లు తినమను". ఊళ్ళో పెద్దవాళ్ళు అంటే సరేలే అనుకోవచ్చు. రోజంతా డీబగ్గింగ్ చేసే మన సాఫ్ట్‌వేర్ బాబులు కూడా అదే అంటుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. కారణం చూడకుండా ప్యాచ్ వేస్తే ఆఫీసులో ఊరుకుంటారా?

అసలు కంట్లో ఏం జరుగుతుందో చూడండి. మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాల్లో రొడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. విటమిన్ ఎ నుంచి తయారైన రెటినాల్ అందులో వంకరగా ఒదిగి ఉంటుంది. ఒక్క ఫోటాన్ పడితే చాలు, ఆ వంకర నిటారవుతుంది. దాంతో రొడాప్సిన్ ట్రాన్స్‌డ్యూసిన్‌ని లేపుతుంది, అది ఒక ఎంజైముని లేపుతుంది, ఆ ఎంజైము సైక్లిక్ జీఎంపీని కోసేస్తుంది, చానళ్ళు మూసుకుంటాయి. తమాషా ఏంటంటే, చీకట్లో పారే కరెంటు వెలుగు పడితే తగ్గుతుంది! మెదడుకెళ్ళే కబురుకి ఆ తగ్గడమే మొదలు. నిటారైన రెటినాల్‌ని మళ్ళీ వంచడానికి ఆర్‌పీఈ65 అనే ఇంకో ఎంజైము కావాలి.

కాబట్టి విటమిన్ ఎ అందకపోయినా రేచీకటి వస్తుంది. దానికి మందుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకి విటమిన్ ఎ డోసులు మొదలయ్యాయి. కానీ ఈ గొలుసులో ఏదో ఒక ప్రోటీన్ జన్యువే చెడిపోతే? బండెడు క్యారెట్లు తిన్నా లాభం లేదు.

ఇలాంటి లోపాల్లో చాలావాటికి అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు చెడ్డ కాపీలూ రావాలి. బావామరదళ్ళ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్ళవైతే నాలుగో వంతు ఒకే చోటు నుంచి వచ్చినవి. పొలం బయటికి పోకూడదని, ఒకే తాత బగ్ రెండువైపుల నుంచీ దిగే అవకాశం పెంచుకుంటున్నాం! అన్ని మేనరికాల్లోనూ ఇలా జరగదు, నిజమే. మేనరికం లేకపోయినా రావచ్చు. అంతమాత్రాన "మా తాతలు చేసుకోలా?" అనేది వాదన కాదు. ఇన్నాళ్ళూ సర్వర్ పడిపోలేదు కాబట్టి కోడ్‌లో బగ్ లేదన్నట్టుంటుంది.

ఆర్‌పీఈ65 లోపానికి 2017లో అమెరికాలో జన్యు చికిత్సకి అనుమతి వచ్చింది. రెండు కళ్ళకీ పెట్టిన ధర 8.5 లక్షల డాలర్లు. అదీ ఆ ఒక్క జన్యువుకే. ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉంటే, సంబంధం ఖాయం చేసేముందు జన్యు సలహా తీసుకోవడానికి అయ్యేది బస్సు చార్జీలూ డాక్టరు ఫీజూ.

పిల్లాడి ఖర్మ అనకండి. పెళ్ళి కుదిర్చింది వాడు కాదు, మనం.