ఉద్యోగులు ఎందుకు వెళ్లిపోతున్నారో డేటా చెప్పగలదు

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఉద్యోగం మానేసేవారు చివరి రోజుల్లో ఒక ఫారం నింపాలి. 'ఎందుకు వెళ్తున్నారు?' అన్న గడిలో చాలామంది 'పర్సనల్ రీజన్స్' అనో, 'బెటర్ ఆపర్చునిటీ' అనో రాసి ఊరుకుంటారు. మేనేజర్ మాటతీరు, అర్ధరాత్రి కాల్స్, ఏళ్ల తరబడి ఆగిపోయిన ప్రమోషన్ ఆ కాగితం మీదికి రావు. రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాలేదు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బు పడలేదు. రేపు కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తే జవాబు చెప్పేదీ ఈ పాత కంపెనీవాళ్లే. అలాంటప్పుడు ఎవరు మాత్రం నోరు విప్పుతారు?

ఆ ఫారాలన్నీ కలిపి చార్టు గీసి యాజమాన్యం ముందు పెడితే, మనుషులు వెళ్లిపోవడానికి కంపెనీతో సంబంధమే లేదన్నట్టు కనిపిస్తుంది. హెచ్‌ఆర్ అనలిటిక్స్ అవసరం ఇక్కడే మొదలవుతుంది. ఉద్యోగి పైకి చెప్పలేని సంగతుల ఆనవాళ్లు సెలవులు, షిఫ్టులు, జీతాల పెంపు, టీము మార్పుల రికార్డుల్లో దొరుకుతాయి. వాటిని చదివే ఓపిక, చదివాక ఆఫీసును మార్చుకునే ధైర్యం రెండూ కావాలి.

2022లో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ ప్రకటించిన అట్రిషన్ (ఉద్యోగులు మానేసే రేటు) 28.4 శాతం. సెప్టెంబర్ త్రైమాసికంలో టీసీఎస్ చెప్పింది 21.5 శాతం. ఇలాంటి మొత్తం అంకె షేర్‌హోల్డర్లకు చాలు, టీమ్ లీడ్‌కు చాలదు. వెయ్యిమంది ఉన్న ఆఫీసులో ఏడాదికి 150 మంది మానేశారనుకుందాం. పదిహేను శాతమే కదా అని సర్దుకోవచ్చు. అదే జాబితాను మేనేజర్ల వారీగా, షిఫ్టుల వారీగా విడగొట్టి చూస్తే, వాళ్లలో 70 మంది ఒకే నైట్‌షిఫ్ట్ ప్రాజెక్టు వాళ్లని తేలవచ్చు. అప్పుడు అందరికీ బోనస్ ప్రకటించే ముందు ఆ ప్రాజెక్టు పనివేళలు సరిచేయాలని ఎవరికైనా అర్థమవుతుంది.

గూగుల్ ఈ పని చేసి చూపించింది. కొత్తగా తల్లులైనవారు మిగతా ఉద్యోగులకంటే దాదాపు రెట్టింపుగా కంపెనీ వదిలేస్తున్నారని అక్కడి రికార్డులు చెప్పాయి. ఆడవాళ్లకు ఇల్లే ముఖ్యమని సరిపెట్టుకోకుండా, 2007లో జీతంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 18 వారాలకు పెంచారు. ఆ తర్వాత వాళ్లు మానేయడం సగానికి తగ్గిందని సూసన్ వొజిస్కీ రాశారు. గూగుల్‌లో మొట్టమొదట ప్రసూతి సెలవు తీసుకున్నది ఆమే. తర్వాత యూట్యూబ్ సీఈఓ అయ్యారు.

మన దేశంలో 2017 సవరణ తర్వాత చట్టమే 26 వారాలు ఇస్తోంది. కాబట్టి ఇక్కడి కంపెనీలు వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు. సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారు? వాళ్లకు మళ్లీ పాత స్థాయి పనే ఇచ్చారా? 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్నచోట ఉండాల్సిన క్రెష్‌ను ఎంతమంది వాడుకోగలుగుతున్నారు? జవాబులు కంపెనీ ఫైళ్లలోనే ఉన్నాయి.

అదే గూగుల్ 2009లో 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో తన మేనేజర్ల పనితీరును లెక్కల్లో పెట్టి చూసింది. సమీక్షలు, సర్వేలు, అవార్డుల నామినేషన్లు జల్లెడ పట్టి మంచి మేనేజర్‌కు ఉండే ఎనిమిది లక్షణాలు తేల్చింది. మంచి కోచ్ కావడం మొదటిది. ఇంజినీర్ల కంపెనీలో సాంకేతిక నైపుణ్యం చిట్టచివరన నిలిచింది. బాగా కోడ్ రాసేవాళ్లనే టీమ్ లీడ్ చేసే అలవాటున్న కంపెనీలు పట్టించుకోవాల్సిన ఫలితం ఇది.

ఈ రెండుచోట్లా కంపెనీ తన విధానాలను, తన మేనేజర్లను పరీక్షకు పెట్టుకుంది. ఆ పరీక్షను ఉద్యోగి మీదికి తిప్పితే కథ మారిపోతుంది.

అమెజాన్ 2014లో రెజ్యూమేలకు స్టార్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారీ మొదలుపెట్టింది. అంతకుముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులతో దానికి శిక్షణ ఇచ్చారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది మగవాళ్లే మెరుగని నేర్చుకుంది. మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ అని రాసుకున్నా మార్కులు కోసేది. చివరికి కంపెనీ ఆ ప్రాజెక్టును ఆపేసింది. 2018లో రాయిటర్స్ ఈ సంగతి బయటపెట్టింది.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎం సర్వీస్ సెంటర్‌లో జరిగింది ఇంకా బాధాకరం. సెలవు ముగించుకుని వచ్చినవాళ్లను సూపర్‌వైజర్లు కూర్చోబెట్టి ఆత్మీయంగా పలకరించేవారు. వాళ్లు చెప్పిన జబ్బులు, ఇంటి గొడవలు, మత విశ్వాసాలు కంప్యూటర్‌లోకి ఎక్కేవి. సుమారు 50 మంది మేనేజర్లు వాటిని చదవగలిగేవారు. 2019లో ఒక సాంకేతిక పొరపాటుతో ఆ ఫోల్డర్ కొన్ని గంటలపాటు కంపెనీలో అందరికీ తెరుచుకుంది. అలా గుట్టు బయటపడింది. మరుసటి ఏడాది హాంబర్గ్ డేటా రక్షణ అధికారి 3.53 కోట్ల యూరోల జరిమానా వేశారు.

మన దగ్గర అలాంటిది జరిగితే? డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2023 ప్రకారం ఉద్యోగ అవసరాల కోసం ఉద్యోగి సమాచారాన్ని వాడటానికి అతని సమ్మతి అక్కర్లేదు. తన సమాచారం ఏముందో చూపించమని అడిగే హక్కును ఆ చట్టం సమ్మతితో ముడిపెట్టింది. అంటే సమ్మతి లేకుండా తీసుకున్న డేటా విషయంలో, తన మీద ఏ స్కోరు వేశారో చూపించమని ఈ చట్టం కింద నిలదీయడం ఉద్యోగికి కష్టం. ఈ లోటును పార్లమెంటు పూడ్చాలి. న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి నియామకాల సాఫ్ట్‌వేర్‌కు ఏటా పక్షపాత ఆడిట్ తప్పనిసరి చేసి అమలు చేస్తోంది. మనమూ అలాంటి నిబంధన పెట్టుకోవచ్చు.

కంపెనీలు చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే అప్రైజల్ సీజన్‌లోపు గత మూడేళ్లలో మానేసినవారి జాబితాను పేర్లు తీసేసి, మేనేజర్, షిఫ్ట్, ప్రమోషన్ ఆగిన కాలం వారీగా విడగొట్టి చూడాలి. తేలిన ఫలితాన్ని బోర్డుతో పాటు ఉద్యోగులకూ చూపించాలి. ఏ సాఫ్ట్‌వేరైనా ఒక మనిషికి స్కోరు ఇస్తే, దాన్ని చూసే హక్కు, తప్పుంటే సవాలు చేసే హక్కు ఆ మనిషికి ఉన్నాయని ఆఫర్ లెటర్‌లోనే రాసివ్వాలి.