మాత్రలు మనవే, టీకా మాటేమిటి?

పోయిన డిసెంబరు ఒకటో తారీఖున మన విద్యార్థి సంఘం తరఫున అమీన్‌పూర్‌లో ఎయిడ్స్ దినం ఊరేగింపు తీశాం. పుర్రె బొమ్మలు వేసిన అట్టలు పట్టుకుని, నినాదాలు ఇచ్చుకుంటూ పెద్దచెరువు కట్ట దాకా నడిచాం. అక్కడ చాయ్ బండి దగ్గర ఆగినప్పుడు, పాశమైలారంలో షిఫ్టు దిగి వచ్చిన ఒక పెద్దమనిషి మమ్మల్ని ఆపి అడిగాడు: "కరోనాకు ఏడాదిల సూది వచ్చింది గద తమ్మీ. ఈ రోగమొచ్చి నలభై ఏండ్లు దాటె. దీనికెందుకు రాలే? కంపెనీలోళ్ళు కావాల్నని ఆపుతున్నరా?"

మాలో మైక్రోబయాలజీ చదివేవాళ్ళు నలుగురున్నారు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. నినాదాలు వచ్చుగానీ జవాబు రాదు. ఆ పెద్దమనిషికి పడ్డ బాకీ కొంతైనా తీర్చుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కంపెనీలు ఆపడం కాదు. అసలు చిక్కు ఏమిటంటే, మన ఒంటికే ఈ వైరస్‌ను గెలవడం తెలియదు. మశూచి వచ్చినా, కరోనా వచ్చినా ఎక్కువమంది కోలుకున్నారు. అలా కోలుకోవడంలో ఒళ్ళు తనంతట తాను నేర్చుకునే విద్యనే టీకా ముందుగా నేర్పుతుంది. హెచ్.ఐ.వి.ని అదుపులో పెట్టగలిగినవాళ్ళు ఎక్కడో అరుదుగా ఉన్నారు గానీ, సోకిన వైరస్‌ను ఒంట్లోంచి వెళ్ళగొట్టడం సాధారణంగా ఎవరివల్లా కావడం లేదు. మన కణాల లోపలి జన్యు పదార్థంలోనే అది కలిసిపోయి కూర్చుంటుంది. ఇక నకలు తీయడానికి అసలు ప్రతి ఎక్కడిది?

అయితే ఒళ్ళు ఊరుకుంటుందా అంటే ఊరుకోదు. సోకిన కొన్ని వారాలకే యాంటీబాడీలు పుడతాయి. ఆస్పత్రిలో వేలికి సూది గుచ్చి వెతికేది వాటినే. చాలా జబ్బుల్లో యాంటీబాడీ ఉందంటే హమ్మయ్య అనుకుంటాం. దీంట్లో మాత్రం ఉందంటే గుండె జారిపోతుంది. ఎందుకంటే అందులో ఎక్కువ భాగం వైరస్‌కు అంటుకుంటాయే గాని దాన్ని ఆపలేవు. కణంలోకి దూరడానికి వైరస్ వాడే ముల్లు మీద దట్టమైన చక్కెర కవచం ఉంటుంది. ఆ చక్కెర మన కణాలు తయారుచేసిందే కాబట్టి ఒంటికి అది పరాయిదిగా తోచదు. ఆ కవచం సందుల్లోంచి అసలైన చోట పట్టుకుని వైరస్‌ను నిర్వీర్యం చేసే యాంటీబాడీ కావాలి. అది తయారయ్యే లోపల వైరస్ వేషం మార్చేస్తుంది. ఒకే రోగి ఒంట్లో ఉండే రకాలను లెక్కపెడితే, ఏడాదిలో ప్రపంచమంతా తిరిగే ఫ్లూ వైరస్ రకాలతో పోటీ పడతాయని శాస్త్రజ్ఞులు అంటారు.

ఇంత నిరాశలోనూ ఒక ఆధారం దొరికింది. సోకినవారిలో పదిమందికి ఒకరిద్దరిలో, కొన్నేళ్ళు గడిచాక, దేశదేశాల వైరస్ రకాలను ఆపగల గట్టి యాంటీబాడీలు పుడతాయి. అప్పటికే సొంత వైరస్ చాలావరకు తప్పించుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ మనిషికి ఒరిగేది తక్కువ. కాని మనిషి ఒళ్ళు ఆ విద్య నేర్వగలదని తేలింది కదా! ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు మన దేశపు పిల్లవాడి రక్తంలోంచే అలాంటి యాంటీబాడీని వేరుచేసి 2019లో ప్రకటించారు. ఈ సంగతి మా తరగతిలో ఎవరికీ తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

ఓటముల చరిత్ర పెద్దది. రెండేళ్ళలో టీకా పరీక్షకు సిద్ధమవుతుందని అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ 1984లో ఆశ పెట్టారు. 2009లో థాయ్‌లాండ్ ప్రయోగం సుమారు 31 శాతం రక్షణ చూపింది. ఆ దారినే దక్షిణాఫ్రికాలో చేసిన ప్రయోగాన్ని 2020లో ఆపేశారు. 2021లో ఒకటి, 2023లో మరొకటి విఫలమయ్యాయి. మన దేశంలో 2005లో పూణేలో, 2006లో చెన్నైలో మొదలైన తొలిదశ ప్రయోగాలూ అక్కడితోనే నిలిచిపోయాయి.

ఇప్పుడు దారి మారింది. గట్టి యాంటీబాడీ ఒక్కసారిగా పుట్టదు కాబట్టి, దాన్ని పుట్టించగల అరుదైన బి-కణాలను మొదటి సూదితో నిద్రలేపి, తరువాతి సూదులతో మెట్టుమెట్టుగా తరిఫీదు ఇవ్వాలన్నది ఆలోచన. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతిలో టీకా వేసుకున్న 36 మందిలో 35 మందికి ఆ కణాలు మేలుకున్నాయి. ఓనమాలు దిద్దించడం అయిందన్నమాట. గ్రంథం రాయడానికి ఇంకా చాలా దూరం ఉంది. సరిగ్గా ఇలాంటి సమయంలో, 2025 మే నెలలో, ఈ పని చేస్తున్న రెండు పెద్ద పరిశోధనా బృందాలకు ఇకమీదట డబ్బు కొనసాగించబోమని అమెరికా ప్రభుత్వ సంస్థ చెప్పేసింది.

ఇక్కడే మన సంగతి ఎత్తాలి. మన దేశంలో తిరిగేది ప్రధానంగా సి-రకం వైరస్. 2021 అంచనాల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు లక్షలకు పైగా, తెలంగాణలో సుమారు లక్షన్నర మంది దీనితో బతుకుతున్నారు. రోగాన్ని అణిచే మందుల్లో మనవాళ్ళకు ఎదురు లేదు. మూడు మందులు కలిసిన మాత్రను ఏడాదికి మనిషికి సుమారు 75 డాలర్లకే పేద దేశాలకు ఇచ్చేందుకు 2017లో ఒప్పుకున్నది అరబిందో, మైలాన్ కంపెనీలు. ఆరు నెలలకొకసారి వేసుకునే లెనకపవిర్ సూది అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. 2027 నుంచి దాన్ని 40 డాలర్లకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ముందుకొచ్చినవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. ఇలాంటి కంపెనీల ముడిమందుల యూనిట్లు పాశమైలారంలో, బొంతపల్లిలో, మన ముక్కుకు వాసన తగిలేంత దగ్గరలో ఉన్నాయి. వాగులు, చెరువులు చెడి, ఆ ఖర్చులో మన వాటా మనం కట్టాం కూడా. నగరానికి ఆ పక్కన శామీర్‌పేటలో కోవాగ్జిన్ చేసిన చేతులున్నాయి. లేనిదల్లా ఇమ్యునాలజీ చదివి, మన వైరస్ మీద మనమే పని చేద్దామనే పిల్లలు. మన సీనియర్లలో ఎక్కువమంది కంపెనీ నాణ్యత పరీక్షల విభాగంలో చేరి, షిఫ్టు డ్యూటీ చేసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టడం లేదు, ఇల్లు గడవాలి. కాని అందరూ అక్కడికే పోవాలా?

ఇంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. మా మిత్రుడొకడు ఈ ఊళ్ళోనే గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఇంటాయన ఒకనాడు వాడి మాత్రల డబ్బా చూశాడు. డబ్బా మీది కంపెనీ అడ్రసు హైదరాబాదుదే. వారం తిరక్కుండా గది ఖాళీ చేయించాడు. మందు క్రమం తప్పక వాడి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా కూడా ఇతరులకు సోకదని, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపడం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నిషిద్ధమని ఆయనకు తెలియదు. మాకూ అప్పటికి తెలియదు. వాడు సామాను ఆటోలో వేసుకుంటుంటే చూస్తూ నిలబడ్డాం.

ఇది టీకాకు సంబంధం లేని కథ అనుకోవద్దు. టీకా పరీక్షకు ఆరోగ్యవంతులైన వలంటీర్లు కావాలి. ప్రయోగపు టీకా యాంటీబాడీలు పుట్టిస్తుంది కాబట్టి, రోగం సోకకపోయినా వాళ్ళలో కొందరికి మామూలు పరీక్షలో పాజిటివ్ అని వస్తుంది. అసలు సంగతి తేల్చడానికి వేరే పరీక్షలు చేయాలి. మాత్రల డబ్బా చూసి గది ఖాళీ చేయించే ఊళ్ళో, దేశానికి మేలు చేద్దామని సూది వేయించుకున్నవాడి గతేమిటి? ఉద్యోగం దగ్గర రక్తపరీక్ష చేస్తే? పెళ్ళిచూపులప్పుడు ఎవరో చెవిలో ఊదితే? పుర్రె బొమ్మలు మోసి ఆ భయాన్ని పెంచినవాళ్ళలో మనమూ ఉన్నాం.

కాబట్టి సంఘం కార్యవర్గానికి నా విన్నపం. ఈ ఏడు ఆ అట్టలు అటక మీదే ఉండనివ్వండి. బ్యానర్లకయ్యే డబ్బుతో ఒక ఇమ్యునాలజీ శాస్త్రవేత్తను పిలిపిద్దాం. ఉపన్యాసం తెలుగులో, మన హాల్లో కాకుండా చెరువు కట్ట దగ్గరే పెడదాం. చట్టంలోని అద్దె ఇంటి మాటను కరపత్రంగా అచ్చువేసి కాలనీల్లో ఇంటింటికీ ఇద్దాం. కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఏటా ఇద్దరు పిల్లలకు ఇమ్యునాలజీ పై చదువుకు స్కాలర్‌షిప్పు ఇస్తే బాగుంటుంది. ఎవరైనా ఒప్పుకుంటే దరఖాస్తుల పని నేను చూస్తాను. ఆ పెద్దమనిషి ఏ షిఫ్టులో దిగుతాడో కూడా కనుక్కున్నాను. ఈసారి ఉపన్యాసం సాయంత్రం ఆరింటికి పెడితే ఆయనా రాగలడు.