అధ్యాపకునికి శిక్షణ, విద్యార్థికి హక్కు

2020 మార్చిలో తరగతి గదులకు తాళాలు పడినప్పుడు మన విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఉన్నపళంగా తెర ముందు కూర్చోవలసి వచ్చింది. నల్లబల్ల ముందు చెప్పే గంట ఉపన్యాసాన్నే పలువురు ఫోనులో వినిపించారు. వారి శ్రద్ధను తప్పుపట్టలేము. అంతకు మించిన శిక్షణ వారికి అందలేదు.

ప్రభుత్వ గుమాస్తాగా ఇటువంటిది నేనూ చూశాను. మా కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు మీటలు నొక్కడం నేర్పారు. పని తీరు మార్చుకోవడం ఎవరూ నేర్పలేదు. కంప్యూటరులో ఎక్కించిన వివరాలనే మళ్లీ రిజిస్టరులో చేత్తో రాసేవాళ్లం.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2017లో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, సందేహాల చర్చ, పరీక్ష అనే నాలుగు అంగాలతో అందులో కోర్సులు రూపొందుతాయి. 2018లో అధ్యాపకులకు ఆ వేదికపైనే ‘అర్పిత్’ పునశ్చరణ కోర్సులు వచ్చాయి. ఒక సెమిస్టరు కోర్సులలో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి 2021 యూజీసీ నిబంధనలు వీలు కల్పించాయి. ఇక తేలవలసింది ఒక్కటే: పాఠం చెప్పేవారికి, వినేవారి ఇంటి పరిస్థితి తెలుసా?

2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు పట్టణాలలో సుమారు 42 శాతం, గ్రామాలలో 15 శాతమే. తరువాత ఫోన్లు పెరిగాయి. అయినా ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రి వెంట పనికి వెళితే, కూతురి చదువు రాత్రి కోసం ఎదురుచూస్తుంది. ఆ అమ్మాయికి ఉదయం పది గంటల ప్రత్యక్ష పాఠం అందదు. పది నిమిషాల ఆడియో, డౌన్‌లోడ్ చేసుకోదగిన రెండు పుటల సారాంశం, వారం గడువుతో ఇచ్చిన ప్రశ్నలు అందుతాయి. అధ్యాపక శిక్షణలో మొదట నేర్పవలసింది ఈ వివేచననే.

భాష సంగతీ అంతే. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో, దూరవిద్య ద్వారా కూడా బోధిస్తూ, స్త్రీ విద్యను తన లక్ష్యాలలో చేర్చుకున్నది. ఆంగ్లంలో మాత్రమే సాగే శిక్షణ అక్కడి అధ్యాపకునికి గాని, తెలుగు మాధ్యమంలో బోధించేవారికి గాని సగమే ఉపకరిస్తుంది. ఉర్దూలో, తెలుగులో పాఠాలు తయారుచేయించడమే శిక్షణకు పరీక్ష కావాలి.

పదోన్నతి దస్త్రంలో ధ్రువపత్రం చేరినంత మాత్రాన శిక్షణ పూర్తయినట్లు కాదు. మీ పిల్లలు చదివే కళాశాలకు వెళ్లినప్పుడు అడగండి: తరగతికి రాలేని రోజు పాఠం మా అమ్మాయికి ఎలా చేరుతుంది? అలా అడగడం తల్లిదండ్రుల హక్కు. జవాబు చెప్పడం విద్యాసంస్థ బాధ్యత.