వేదసాక్షుల చరితములు: మిగేలు ప్రో గురువు

1926వ సంవత్సరము జూలై 31వ తేదీ మొదలు మెక్సికో దేశమందలి దేవాలయములలో పూజాపీఠములు శూన్యములాయెను. అధ్యక్షుడైన కాయెస్ శ్రీసభను అణచుటకై కఠినశాసనము గావింపగా, మేత్రాణులు బహిరంగారాధనను నిలిపివేసిరి. గురువు తన అంగీ ధరించి వీధిలో నడచుటయే నేరమాయెను. ఆ మాసారంభమునందే ముప్పదియైదేండ్ల ప్రాయముగల గురువొకడు ఓడ దిగి స్వదేశము చేరెను. ఆయనయే యేసుసభకు చెందిన మిగేలు ఆగస్తీను ప్రో.

ఆయన 1891వ సంవత్సరము జనవరి 13వ తేదీన జకతేకస్ రాష్ట్రమందలి గ్వాదలూపె పట్టణమున జన్మించెను. తండ్రి గనుల వ్యవహారములు చూచు ఉద్యోగి యగుటచే, బాల్యము గనుల ఊరిలో గడచెను. కూలీల నడుమ తిరిగి, వారి మాటతీరును, పరిహాసములను, కష్టములను ఆయన చక్కగా ఎరిగెను. 1911లో యేసుసభలో చేరెను. 1914లో విప్లవసైనికుల భయముచే దేశము విడువవలసివచ్చెను. పిదప స్పెయిను, నికరాగ్వా, బెల్జియము దేశములలో కాలము గడపి, 1925 ఆగస్టు 31న గురుపట్టము పొందెను. బెల్జియములో బొగ్గుగనుల కూలీలను దర్శించుట ఆయనకు మిక్కిలి ప్రీతి. ఉదరవ్యాధిచే పలుమారులు శస్త్రచికిత్స జరిగినను, ఆయన నవ్వు మానలేదు.

మెక్సికో నగరమున ఆయన సైకిలెక్కి ఇల్లిల్లు తిరుగుచుండెను. ఒకనాడు యంత్రపు పనివాని వేషము, వేరొకనాడు షోకుగల దొర వేషము. ఏ యింట ఏ గంటకు సత్ప్రసాదము లభించునో విశ్వాసులు రహస్యముగా తెలిసికొని చేరుచుండిరి. పాపసంకీర్తనములు వినుచు, రోగులను ఆదరించుచు, పోషించువారు లేని కుటుంబములకు ధాన్యమును వస్త్రములను సమకూర్చుచు ఆయన దినములు గడపెను. ఒకప్పుడు పోలీసులు వెంబడింపగా, దారిని పోవు ఒక క్రైస్తవ స్త్రీకి మెల్లగా సంగతి తెలిపి, ఆమె చేయి పట్టుకొని దంపతులవలె నడచి తప్పించుకొనెనని చెప్పుదురు.

1927 నవంబరు 13న ఒబ్రెగోన్ సేనాని కారుపై బాంబులు విసరబడెను. విసరినవారు వాడిన కారు పూర్వము గురువు తమ్ములలో ఒకనిదై యుండెను. ఈ కారణముచే గురువును, తమ్ములగు హుంబెర్తో, రొబెర్తోలను బంధించిరి. కుట్ర పన్నిన ఇంజనీరు తన నేరము తానే ఒప్పుకొనెను. అయినను గురువునకు విచారణ జరుగలేదు, సాక్షులు పిలువబడలేదు, తీర్పు చదువబడలేదు.

నవంబరు 23న ఉదయము ఆయనను చెరసాలనుండి వెలుపలికి పిలిచిరి. దారిలో పోలీసులలో ఒకడు క్షమింపుమని వేడెను. ఆయన క్షమించుటయే గాక అతనికి కృతజ్ఞత తెలిపెను. మోకరించి ప్రార్థించుటకు కొన్ని నిమిషములు అడిగెను. కండ్లకు గంతలు వలదనెను. ఒక చేత సిలువను, ఒక చేత జపమాలను పట్టి, బాహువులు సిలువాకారముగా చాపి, క్రీస్తురాజునకు జయమని పలికెను. తుపాకులు ప్రేలెను. హుంబెర్తోయు ఆనాడే చంపబడెను. అర్జెంటీనా రాయబారి కల్పించుకొనుటచే రొబెర్తో బ్రదికెను.

ఇతరులు బెదరునట్లు ఆ దృశ్యము చూపుటకు ప్రభుత్వమువారు పత్రికలవారిని, ఛాయాచిత్రకారులను పిలిపించిరి. చిత్రములు పత్రికలలో వెలువడెను. కాని వాటిలో జనులు చూచినది నేరస్థుని భయము కాదు, చేతులు చాచి నిలిచిన ప్రార్థనాపరుని ధైర్యము. సమాధికి వేలాది జనులు వెంబడించిరి. విశ్వాసులు ఆ చిత్రములను ఇండ్లలో దాచుకొనిరి. ఏ పటము ఆయన గౌరవమును చెరపవలెనని తీయబడెనో, ఆ పటమే ఆయనకు సాక్ష్యమాయెను.

రెండవ జాన్ పాల్ పాపుగారు 1988 సెప్టెంబరు 25న ఆయనను ధన్యునిగా ప్రకటించిరి. ఆయన స్మరణదినము నవంబరు 23. దేవాలయపు వాకిలి మూయబడిన కాలమున పేదల గడపలనే వాకిండ్లుగా చేసికొన్న గురువు ఆయన.