చిన్న కుక్కే కదా!

"చిన్న కుక్కే కదా!" ఈ మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. పిల్లల పుట్టినరోజు దగ్గరపడినా, వేసవి సెలవులు మొదలైనా ఏదో ఒక ఇంట్లో ఈ మాట పుడుతుంది. పిల్లలు అడుగుతారు, నాన్న కరుగుతాడు, అందరూ కలిసి ఫోన్లో నాలుగు ఫొటోలు చూస్తారు. "మనది ఫ్లాటు కదా, పెద్దది వద్దులే, చిన్నది తెచ్చుకుందాం" అని తీర్మానం అయిపోతుంది. ఆ తీర్మానంలో అమ్మని అడిగేది ఆఖర్న. ఒక్కోసారి అసలు అడగనే అడగరు. కుక్కపిల్ల అట్టపెట్టెలో వచ్చేస్తుంది, "సర్‌ప్రైజ్" అంటారు.

నేను కుక్కలంటే పడనిదాన్ని కాను. మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఒకటి ఉంది, ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. నా గొడవ కుక్కతో కాదు, ఆ "చిన్న" అనే మాటతో.

కుక్క చిన్నదైతే ఏం తగ్గుతుంది? పెట్టే తిండి తగ్గుతుంది, పడుకునే చోటు తగ్గుతుంది. అంతే. అయిదు కిలోల కుక్కనైనా, ముప్ఫై కిలోల కుక్కనైనా పొద్దున్నే లేచి కిందికి తీసుకెళ్ళాల్సిందే. టీకాలు అవే, పిడుదుల మందు అదే. పిల్లగా ఉన్నన్నాళ్ళూ హాల్లో పాత పేపర్లు పరచడం, అది పేపరు వదిలేసి పక్కన పోసింది తుడవడం అన్నీ మామూలే. ఊరెళ్ళాలంటే దాన్ని ఎవరి దగ్గర వదలాలన్న బెంగా అంతే.

పైగా ఒకటి పెరుగుతుంది. మామూలుగా చిన్న జాతులు పెద్ద జాతులకన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. గ్రేట్ డేన్ లాంటివి ఏడు నుంచి పదేళ్ళు ఉంటే, చిన్నవి పన్నెండు నుంచి పదిహేనేళ్ళు ఉంటాయి. లెక్క వేసి చూడండి. ఆరో తరగతి పిల్లాడి కోసం తెచ్చిన కుక్క, వాడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాక కూడా ఇంట్లోనే ఉంటుంది. అప్పటికి దాని కళ్ళకి పొరలు కమ్ముతాయి, మీకు మోకాళ్ళ నొప్పులు మొదలవుతాయి. వాడు వీడియో కాల్‌లో "అమ్మా, ఒకసారి దాన్ని చూపించు" అంటాడు, అంతే.

ఇక ఎంచుకునే తీరు. మనం చీర కొనేటప్పుడు కొంగు తిప్పి చూస్తాం, రంగు దిగుతుందా అని అడుగుతాం. పదిహేనేళ్ళు ఇంట్లో ఉండే ప్రాణిని మాత్రం మొహం చూసి తెచ్చేస్తాం. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెనకాలే నడిచిన పగ్ గుర్తుందా? ఆ తర్వాత మన ఊళ్ళలో ఎక్కడ చూసినా పగ్గులే. ప్రకటనలో ఆ కుక్క ముద్దుగా నడుస్తుంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకి అది ఎలా రొప్పుతుందో ప్రకటనలో చూపించరు.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒళ్ళు చల్లబరచుకునే దారి. మొహం నొక్కుకుపోయిన పగ్‌కి గాలి ఆడే దారే ఇరుకు. "మా పగ్గు గురక భలే ఉంటుంది" అని మురిసిపోయేవాళ్ళని చూశాను. అది ముద్దు కాదమ్మా, ఊపిరికి అవస్థ. మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలతో పిల్లల్ని పుట్టించడాన్ని నెదర్లాండ్స్‌లో ప్రభుత్వమే కట్టడి చేసింది. అంత చల్లటి దేశంలో ఆ జాగ్రత్త పడితే, నలభై అయిదు డిగ్రీలు చూసే రామగుండంలో, విజయవాడలో మనం వాటిని మోజుపడి కొంటున్నాం. ఎండాకాలం అంతా ఏసీ వెయ్యగలిగినవాళ్ళు కూడా, కరెంటు పోయిన పూట దాని గతేమిటో ఆలోచించాలి.

షీజూ సంగతి చూడండి. జుట్టు ఎక్కువ రాలదు, ఇల్లు శుభ్రంగా ఉంటుందని అమ్మేవాళ్ళు చెప్తారు. రాలనిది పెరుగుతూనే ఉంటుంది కదా! రోజూ దువ్వకపోతే ఉండలు కట్టి చర్మాన్ని లాగుతుంది. నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి, కళ్ళ కింద తుడవాలి. పొద్దున్నే బడి బస్సు వచ్చేలోగా ఇద్దరు ఆడపిల్లలకి జడలు వేసే అమ్మకి ఇది మూడో తల.

డాక్స్‌హుండ్ పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళతో చూడగానే నవ్వొస్తుంది. జర్మనీలో కలుగుల్లోకి దూరి వేటాడటానికి పెంచిన జాతి అది. తవ్వడం, అరవడం దాని పుట్టుకలోనే ఉన్నాయి. ఆ వెన్ను సోఫా మీంచి దూకడానికి, మెట్లు ఎక్కి దిగడానికి తట్టుకోదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు జరిగితే కాళ్ళు పడిపోవచ్చు. లిఫ్టు లేని మూడో అంతస్తులో దాన్ని పెంచితే రోజూ ఎత్తుకుని దింపేది ఎవరు?

మన ఊళ్ళలో "పామేరియన్" అని పిలిచే తెల్లకుక్కల్లో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లు. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో టఫీ ఆ జాతిదే. మా ఇంట్లోదీ అదే. మన ఎండలకి మిగతావాటికన్నా తట్టుకుంటుంది, తెలివైనది, మనుషుల్ని వదలదు. అలాగని మచ్చ లేనిది కాదు. గ్యాసు బండ వచ్చినా, పక్కింటి తలుపు చప్పుడైనా పిట్ట కొంచెం కూత ఘనం. నల్లచీర కట్టుకుంటే ఒళ్ళంతా తెల్లవెంట్రుకలే. ఇవన్నీ తెలిసే తెచ్చుకున్నాం.

ఎలా తెచ్చుకున్నామో చెప్తాను. మా అమ్మాయి అడిగినప్పుడు నేను ఔననలేదు, కాదనలేదు. ఒక గొలుసు కొనిచ్చాను. "నెలరోజులు, పొద్దున ఆరింటికి నాన్న, సాయంత్రం నువ్వు, ఈ ఉత్త గొలుసు పట్టుకుని ఇరవై నిమిషాలు తిరిగి రండి. ఒక్కరోజు మానేసినా లెక్క మళ్ళీ మొదటికి" అన్నాను. వాచ్‌మన్ నవ్వాడు, కింది ఫ్లాటు పిన్నిగారు "ఏమిటే ఈ విడ్డూరం" అన్నారు. రెండుసార్లు లెక్క మొదటికొచ్చింది. ఒకసారి వాన, ఒకసారి క్రికెట్ మ్యాచ్. మూడోసారి ముప్ఫై రోజులు పూర్తయ్యాకే కుక్క వచ్చింది. నడక వాళ్ళది, దువ్వడం అమ్మాయిది, డాక్టరు ఖర్చు మావారిది, తిండి నాది. కాగితం మీద రాసి సంతకాలు పెట్టించాను. బీరువాలో ఇప్పటికీ ఉంది.

"మరీ ఇంత పట్టుదలా? కుక్క వస్తే పిల్లలకి బాధ్యత అలవాటవుతుంది కదా" అంటారు. కుక్క బాధ్యత నేర్పదండీ. వెనకపడి చేయించే మనిషి ఉంటేనే పిల్లలకి అలవాటవుతుంది. ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు కదా! వంట, గిన్నెలు, హోంవర్కు, అత్తగారి మందులు... వీటి చివర "కుక్క" అని ఇంకో మాట చేర్చి దానికి పిల్లల పేరు పెట్టడం నాకు నచ్చదు.

అయిదారేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో మరీ చిన్న కుక్క అసలే వద్దంటాను. పసివాళ్ళు దాన్ని బొమ్మలా ఎత్తుతారు, జారవిడుస్తారు. దాని కాళ్ళు పుల్లల్లాంటివి. నొప్పెడితే కరుస్తుంది, తప్పు దానిది కాదు. ఎంత చిన్న కుక్క కరిచినా, టీకాలు వేసినదైనా, గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

వంటింటి సంగతి కూడా వినండి. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం. ఒళ్ళు ఎంత చిన్నదైతే అంత తక్కువకే ప్రమాదం. పెద్ద కుక్క తట్టుకోగలిగింది చిన్నదాని ప్రాణం మీదికి రావచ్చు. పాయసం గిన్నె నాకించే బామ్మలకీ, సాంబారన్నం కలిపి పెట్టే పనమ్మాయికీ ఈ మాట చెప్పాల్సింది మళ్ళీ మనమే.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకోటి ఉంది. నెలరోజుల పిల్లని బుట్టలో పెట్టి అమ్ముతారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నుంచి కేంద్ర నిబంధనలే ఉన్నాయి. తల్లికి ఏడాదిలో ఒక్క ఈతకి మించి ఉండకూడదని కూడా వాటిలో ఉంది. మనం పిల్లని చూసి మురిసిపోతాం, తల్లి ఎక్కడుందని అడగం. బాలింతకి ఎంత నిద్ర కావాలో, ఎంత తిండి కావాలో ఒంటితో తెలిసినవాళ్ళం మనం. చిన్న బోనులో ఈత మీద ఈత ఈనుతున్న ఆ తల్లి గురించి మనమే అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? "తల్లిని చూపించండి" అనండి. చూపించనివాళ్ళ దగ్గర కొనకండి.

అసలు కొనాలా అన్నదీ ఆలోచించండి. మన వీధిలో పుట్టిన పిల్ల పదిహేను ఇరవై కిలోలవుతుంది. పొట్టి జుట్టు, పొడుగు మూతి, ఈ ఎండలోనే తరాలుగా బతికిన ఒళ్ళు. ఫ్లాటులో పట్టదంటారా? రెండు పూటలా తిప్పితే మిగతా సమయమంతా తలుపు దగ్గర నిద్రపోతుంది. నోరులేని జీవాన్ని బాల్కనీలో కట్టేసి వదిలేస్తే రెండు కిలోల చివావాకి కూడా ఆ ఇల్లు ఇరుకే. అసోసియేషన్ ఒప్పుకోదని భయపడకండి. ఎక్కువమంది చేతులెత్తినా సరే, పెంపుడు కుక్కలని నిషేధించే హక్కు అపార్ట్‌మెంట్ సంఘాలకి లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెప్తున్నాయి.

మీకే కుక్క కావాలని ఉంటే, పిల్లలు వెళ్ళిపోయిన ఇంట్లో ఒక తోడు కావాలనిపిస్తే, ఇంతకన్నా మంచి తోడు దొరకదు. అప్పుడు జాతి మీరే ఎంచుకోండి, పేరు మీరే పెట్టండి. కానీ ఇంకెవరి ముచ్చటో మీ నెత్తిన పెట్టడానికి వస్తే, ఏ జాతి, ఎంత ధర అని అడక్కండి. పొద్దున ఆరింటికి లేచేది ఎవరని అడగండి. జవాబు వచ్చేదాకా ఆ అట్టపెట్టెని గడప దాటి లోపలికి రానివ్వకండి.